పదిపంక్తుల డౌన్‌లోడు స్క్రిప్టు – ఒక విమర్శ

కావ్యమునకు విమర్శ గలదు, నాటకమునకు గలదు. పాఠ్యపుస్తకమునకు సయితము అప్పుడప్పుడు విమర్శ వచ్చుచుండును. కంప్యూటరు ప్రోగ్రామును మాత్రము ఎవరును ఆ దృష్టితో చదువరు. పనిచేసినదా లేదా అన్న ప్రశ్నతోనే దాని విచారణ ముగియును. కాని ప్రోగ్రాము కూడ ఒక మనుష్యుడు వ్రాసినదే. పదిమంది చదివి, నూరుమంది చూచి వ్రాసికొనునదే. అందుచే ఈ వ్యాసమున ఒక చిన్న ప్రోగ్రామును తీసికొని, పంక్తివెంట పంక్తిగా చదివి, దాని గుణదోషములను చెప్పదలచితిని.

విచారణకు తీసికొన్నది పి.హెచ్.పి. భాషలోని డౌన్‌లోడు స్క్రిప్టు. స్క్రిప్టు అనగా సర్వరు మీద నడచు చిన్న ప్రోగ్రాము. బ్రౌజరు అడిగినప్పుడెల్ల అది నడచి జవాబు తయారుచేసి పంపును. గ్రీన్లాండులో జన్మించిన రాస్మస్ లెర్డార్ఫ్ ఈ భాషకు మూలమైన పనిముట్లను 1995 జూన్ నెలలో విడుదల చేసెను. ఈ భాష యొక్క అధికార కరదీపికలో ‘రీడ్‌ఫైల్’ అను ప్రమేయమును వివరించుచోట ఒక ఉదాహరణ ఉన్నది. ఒక ఫైలును బ్రౌజరు తెరపై చూపక, నేరుగా దాచుకొనునట్లు చేయుట యెట్లో అది తెలుపును. ఫైలు ఉన్నదా యని మొదట చూచును. ఉన్నచో కొన్ని శీర్షికలను, అనగా ఉత్తరపు కవరుమీది వ్రాతవంటి సమాచారమును, ముందుగా పంపును. ఆ శీర్షికలలో ‘కంటెంట్-లెంగ్త్’ అనునది ఫైలు పరిమాణమును బైట్లలో ప్రకటించును. తరువాత రీడ్‌ఫైల్ ఫైలును చదివి పంపును; పని ముగియును. నేను దిద్దిన ప్రయోగశాల రికార్డులలో చాలవాటియందు ఈ పంక్తులే, అక్కడక్కడ అక్షరదోషములతో సహా, కనబడినవి.

ఇంత చిన్న రచనకు ఇంత పెద్ద విచారణ యెందుకని పాఠకులు అడుగవచ్చును. కళ్యాణదుర్గము ప్రాంతపు పల్లె నుండి ఒక విద్యార్థి బస్సెక్కి పట్టణమునకు వచ్చి, నెట్ సెంటరులో కూర్చుండి, పరీక్ష హాల్ టికెట్టును దింపుకొనుచున్నాడనుకొందము. ఫైలు వచ్చినది, తెరువబోగా ‘ఇది పాడైనది’ అని కంప్యూటరు చెప్పినది. మరల దింపెను, మరల అదే మాట. దుకాణమువాడు సిగ్నలును తిట్టును. తండ్రి కుమారుని తిట్టును. కుమారుడు తన ఫోను పాతదని సిగ్గుపడును. స్క్రిప్టును తిట్టువాడు అక్కడ ఎవడును లేడు. ఫైలు సర్వరు మీద నిక్షేపముగానున్నది. నడిమి పంక్తులలో ఎక్కడనో అది చెడినది. ఎక్కడ చెడినదో కనుగొనుటకు ఒక పద్ధతి కలదు. ఆ పద్ధతిని హైస్కూలు విద్యార్థి కూడ నేర్చుకొనవచ్చును.

మొదట బఫరు సంగతి చెప్పవలెను. సాలీన సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మా అనంతపురము మెట్టసీమలో చెఱువు లేనిదే సేద్యము సాగదని పూర్వులు గ్రహించిరి. వాన పడినప్పుడు నీరు చెఱువులో నిలుచును. తూము ఎత్తినప్పుడు కాలువకు పోవును. నిండినప్పుడు మరవ దాటి పారును. పి.హెచ్.పి. లోని ‘అవుట్‌పుట్ బఫరు’ అట్టి చెఱువే. స్క్రిప్టు వ్రాసిన ప్రతి అక్షరమును వెంటనే నెట్‌వర్కు మీదికి పంపక, ఒకచోట నిలిపి, నిండినప్పుడో, స్క్రిప్టు ముగిసినప్పుడో, తూము ఎత్తుమని చెప్పినప్పుడో పంపును. చిన్న చిన్న ముక్కలుగా పంపుటకంటె ఒక్కసారి పంపుట లాభము. అంతకంటె ముఖ్యమైన లాభము మరియొకటి కలదు. వెబ్ నియమము ప్రకారము శీర్షికలు ముందు, విషయము వెనుక పోవలెను. విషయము నుండి ఒక్క అక్షరము బయటకు పోయినను ఇక శీర్షికలను పంప వీలులేదు. బఫరున్నచో విషయము లోపలనే ఆగియుండును గనుక శీర్షికలను తరువాత వ్రాసినను చెల్లును.

ఈ ఉపమానము ఒకచోట చెల్లదు. చెఱువులో ఒక బిందెడు నీరు ముందు పోయిన, మరియొకటి వెనుక పోయిన పైరుకు భేదము లేదు. ఫైలులో ప్రతి బైటునకు తన స్థానము కలదు. ఒక్క బైటు ముందునకు వచ్చి చేరినచో వెనుకనున్నవన్నియు ఒక్కొక్క అడుగు జరుగును.

ఇక దోషములు. కరదీపికలోని ఉదాహరణ ఒంటరిగా నడచినంతకాలము చక్కగానే నడచును. వాస్తవ జీవితములో అది ఒంటరిగా ఉండదు. దానికి పైన డేటాబేసు సంబంధమైన ఒక ఫైలు, లాగిన్ పరీక్షించు ఫైలు, సైటంతటికిని ఉమ్మడియైన ఫైలు చేర్చబడును. వాటిలో ఏదో ఒకదాని చివర, పి.హెచ్.పి. ముగింపు గుర్తు తరువాత, ఎవరో రెండు ఖాళీ పంక్తులు విడిచియుందురు. ముగింపు గుర్తునకు వెంటనే వచ్చు ఒక్క కొత్తపంక్తిని పి.హెచ్.పి. తానే మ్రింగివేయును, రెండవదానిని మ్రింగదు. ఆ రెండవ ఖాళీ పంక్తి మన ఫైలునకు ముందు ప్రయాణము కట్టును.

ఇప్పుడేమి జరుగునన్నది బఫరును బట్టి యుండును. బఫరు లేనిచోట ఖాళీ పంక్తి వెంటనే బయటపడును. దానితో శీర్షికల అవకాశము పోవును. ‘శీర్షికలు ఇంతకుముందే పంపబడినవి’ అన్న హెచ్చరిక వచ్చును. ఫైలు దాచుకొనబడుటకు మారుగా తెరనిండ పిచ్చి గుర్తులు కనబడును. చూచుటకిది వికారముగానున్నను మంచి దోషము. ఏ ఫైలులో ఎన్నవ పంక్తి వద్ద మొదటి అక్షరము వెలువడినదో ఆ హెచ్చరికయే చెప్పును. బఫరు ఉన్నచోట కథ వేరు. శీర్షికలు చక్కగా పోవును, హెచ్చరిక ఉండదు, ఫైలు దాచుకొనబడును. కాని దాని మొదటి బైటు ఆ కొత్తపంక్తి. కంటెంట్-లెంగ్త్‌లో ప్రకటించినది అసలు ఫైలు పరిమాణము గనుక బ్రౌజరు అంతమాత్రమే తీసికొని ఆగును. ఫలితముగా ఫైలు చివరి బైటు తెగిపోవును. దింపుకొన్న ఫైలు పరిమాణమును అసలుదానితో పోల్చి చూచినచో రెండును సమానము! పరిమాణము సరిపోయినది కావున స్క్రిప్టు దోషము లేదని తీర్పు చెప్పువారు ఇక్కడ మోసపోవుదురు.

పి.హెచ్.పి. తో వచ్చు మాదిరి అమరిక ఫైళ్ళలో బఫరు 4096 బైట్లుగా వ్రాసియుండును. ఆ ఫైలే లేనిచోట బఫరు మూతపడియుండును. ఒకే స్క్రిప్టు ఒక కంప్యూటరులో ఒక విధముగను, మరియొక చోట మరియొక విధముగను ప్రవర్తించుటకు ఈ ఒక్క అంకె చాలును. ‘మా యంత్రములో బాగుగనే నడచినది’ అను వాదము వినినప్పుడు మొదట అడుగవలసినది ఈ అంకెను గూర్చియే.

ఈ దోషమునకు తెలుగువారికి ప్రత్యేకముగా సంక్రమించిన రూపమొకటి కలదు. ఇంగ్లీషు మాటలు మాత్రమే గల స్క్రిప్టును ఏ విధముగ దాచినను చిక్కులేదు. అందులో ఒక్క తెలుగు వాక్యము, ‘ఫైలు లభించలేదు’ వంటిది, వ్రాసితిమా, దానిని యూనికోడ్ రూపమగు యు.టి.ఎఫ్.-8 లో దాచవలెను. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ 2019 వరకు అట్లు దాచిన ప్రతి ఫైలు మొదటను మూడు బైట్లను చెప్పక చేయక చేర్చుచుండెను. వాటి విలువలు 239, 187, 191. ఇవి కంటికి కనబడవు. ఎడిటరులో ఎంత వెదకినను దొరకవు. 2019 లో వచ్చిన విండోస్ 10 రూపముతో ఆ అలవాటు మారినది. కాని పాత యంత్రములు, అంతకుముందు దాచిన ఫైళ్ళు ఇంకను వాడుకలోనున్నవి. ఇంగ్లీషులో వ్రాయువానికి లేని కష్టము, తన భాషలో ఒక్క వాక్యము వ్రాసినందులకు తెలుగువానికి వచ్చినది. అప్పటికి సలహా ఇచ్చువారు ‘ప్రోగ్రాములో తెలుగు వ్రాయకుడు’ అని చెప్పుట కద్దు. అది సలహా కాదు, పలాయనము. ఆ మూడు బైట్లు లేకుండ దాచునట్టి ఎడిటర్లు ఎన్నియో ఉన్నవి. వాడుకొనవలసినది అవి.

విచిత్రమేమనగా, ఈ మూడు బైట్లే మరియొకచోట కావలసివచ్చును. విద్యార్థుల పేర్లు తెలుగులో గల జాబితాను సి.ఎస్.వి. ఫైలుగా దింపి ఎక్సెల్‌లో నేరుగా తెరచినచో అక్షరములు చిందరవందరగా కనబడుట ఉపాధ్యాయులకు అనుభవమే. ఫైలు మొదట ఆ మూడు బైట్లున్నచో ఎక్సెల్ దానిని యు.టి.ఎఫ్.-8 అని గుర్తించి తెలుగును సరిగా చూపును. ఫొటోకు ప్రాణాంతకమైనది జాబితాకు ప్రాణప్రదము. కనుక ‘ఆ మూడు బైట్లు చెడ్డవి’ అని బట్టీపట్టుట కంటె, ఎవరు చేర్చిరి, తెలిసి చేర్చిరా అని అడుగుట మేలు.

ఫైలు చెడినప్పుడు ఏ జాతి ఫైలు ఎట్లు బాధపడునో కూడ తెలిసికొనవలెను. పి.డి.ఎఫ్. ఫైలు మొదటి నాలుగు బైట్లు 37, 80, 68, 70. వాటికి ముందు కొద్ది చెత్త చేరినను చాల రీడర్లు క్షమించును; అడోబీవారి రీడరు మొదటి 1024 బైట్లలో ఎక్కడనున్నను ఆ గుర్తును వెదకికొనుచుండెను. జెపెగ్ ఫొటో 255, 216 తో ప్రారంభము కావలెను. ముందు ఒక్క బైటు చేరిన చాల వీక్షకములు దానిని ఫొటోయే కాదనును. జిప్ ఫైలు 80, 75 తో మొదలగును. దాని విషయసూచిక చివరనుండును గనుక కొనయందు ఒక్క బైటు తెగినను అది పాడైనదని జిప్ తెరచు ప్రోగ్రాములు మొరపెట్టును. వర్డ్, ఎక్సెల్ వారి నేటి ఫైళ్ళు లోలోపల జిప్ ఫైళ్ళే. అందువలననే ఒకే సైటులో, ఒకే స్క్రిప్టుతో, పి.డి.ఎఫ్. తెరచుకొనును, ఎక్సెల్ తెరచుకొనదు. దీనిని చూచి ఎక్సెల్ ప్రోగ్రామును మరల ఇన్‌స్టాల్ చేయించినవారిని నేనెరుగుదును.

రెండవ పెద్ద దోషము కుదింపునకు సంబంధించినది. కుదింపు శాస్త్రము వెనుక గొప్ప చరిత్ర ఉన్నది. డేవిడ్ హఫ్‌మన్ 1952 లో, తరచుగా వచ్చు గుర్తులకు చిన్న సంకేతములను, అరుదుగా వచ్చువాటికి పెద్ద సంకేతములను ఇచ్చు విధానమును ప్రకటించెను. అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అను ఇద్దరు 1977 లో, వెనుక వచ్చిన మాట మరల వచ్చినప్పుడు దానిని తిరిగి వ్రాయక ‘ఇన్ని బైట్ల వెనుక, ఇంత పొడవు’ అని చూపు విధానమును చెప్పిరి. ఈ రెంటి కలయికయే డిఫ్లేట్. దానికి తొడుగైన జిజిప్ స్వరూపమును 1996 లో ప్రమాణపత్రములుగా ప్రకటించిరి. బ్రౌజరు ‘నాకు జిజిప్ తెలియును’ అని చెప్పినచో సర్వరు విషయమును కుదించి, ‘కంటెంట్-ఎన్‌కోడింగ్’ అను శీర్షికలో ఆ సంగతి వ్రాసి పంపును, బ్రౌజరు విప్పుకొనును.

తెలుగు పుటలకు కుదింపు వరము వంటిది. యు.టి.ఎఫ్.-8 లో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. మొదటిది ఎల్లప్పుడును 224. రెండవది 176 కాని 177 కాని. మూడవది మాత్రమే 128 నుండి 191 వరకు మారును. ‘అ’ అనగా 224, 176, 133. ‘న’ అనగా 224, 176, 168. మూడింట రెండు వంతుల బైట్లు ఇంచుమించు మారనివే గనుక కుదింపునకు తెలుగు బాగుగా లొంగును. సిగ్నలు సన్నగానుండు పల్లెలలో ఈ లాభమును వదలుకొనుట తెలివి కాదు. అందుచే ‘డౌన్‌లోడు చెడినది కావున కుదింపును సైటంతటను తీసివేయుడు’ అను చికిత్స నాకు సమ్మతము కాదు. తలనొప్పికి తల తీసివేయుట అట్టిదే.

చిక్కు ఎక్కడ వచ్చునో చూడుడు. సైటు ఉమ్మడి ఫైలులో ఎవరో పుటల వేగము కొరకు ‘ఓబీ-జీజెడ్-హ్యాండ్లర్’ అను కుదింపు బఫరును మొదటనే తెరచియుందురు. దాని సంగతి తెలియని డౌన్‌లోడు స్క్రిప్టు 3,00,000 బైట్ల జాబితా ఫైలునకు కంటెంట్-లెంగ్త్ 3,00,000 అని ప్రకటించును. బఫరు దానిని కుదించి, అనుకొందము, 40,000 బైట్లుగా పంపును. కుదించి పంపినప్పుడు కంటెంట్-లెంగ్త్ కుదించిన బైట్ల లెక్కయై యుండవలెనని నియమము. బ్రౌజరు 40,000 తీసికొని, మిగిలిన 2,60,000 కొరకు కాచుకొని కూర్చుండును. తెరమీద చక్రము తిరుగుచునే యుండును. ‘నెట్టు నెమ్మదిగానున్నది’ అని మనవాడు అనుకొనును. నెట్టు పని ఎప్పుడో అయిపోయినది, రానున్నదేమియు లేదు.

కుదింపునకు లొంగని ఫైలైనచో దోషము తారుమారగును. జెపెగ్ ఫొటో పుట్టుకతోనే కుదించబడినది; దానిని మరల కుదించిన తగ్గునదేమియు నుండదు సరికదా కొంచెము పెరుగును. జిజిప్ తొడుగునకు ముందు 10 బైట్లు, వెనుక 8 బైట్లు కావలెను. కుదించక యథాతథముగా నుంచిన ప్రతి ఖండమునకు 5 బైట్లు కావలెను. ఖండము 65,535 బైట్లకు మించరాదు. ఏమాత్రము లొంగని 1,00,000 బైట్ల ఫైలునకు కనీసము రెండు ఖండములు, అనగా 10 బైట్లు, తొడుగునకు 18, మొత్తము 28 బైట్లైనను పెరుగును. బ్రౌజరు ప్రకటించిన 1,00,000 వద్ద ఆగును. తెగిపోయిన 28 లో చివరి 8 సరిచూచుకొనుటకై పెట్టిన లెక్కలు. తక్కిన 20 ఫొటోలోని బైట్లే. ఒకే స్క్రిప్టు జాబితా ఫైలుతో నిలిచిపోవును, ఫొటోతో తెగిపోవును. రెండు లక్షణములు, రోగమొక్కటే.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెఱువు శాసనమొకటి కలదు. విజయనగర రాజవంశమునకు చెందిన భాస్కర భవదూరుడు చెఱువు త్రవ్వించి వేయించిన ఆ శాసనములో మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, కూడని ఆరు దోషములును చెప్పబడినవి. కట్ట ఊటలు కారుట, నేల చవుడగుట మొదలగు దోషములతోబాటు, చెఱువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట కూడ దోషముగా లెక్కించిరి. ఇంజనీరింగు దోషముల నడుమ ఈ రాజ్యాంగ దోషము వచ్చుట నాకు మిక్కిలి నచ్చినది. కట్ట గట్టిదైనను, నీరు పుష్కలమైనను, తూము మీద అధికారము ఇద్దరిదైనచో ఆ చెఱువు నిలువదు. మన డౌన్‌లోడు స్క్రిప్టు దోషము సరిగా అదే. పొడవును ప్రకటించువాడు ఒకడు, కుదించువాడు వేరొకడు, ఒకని పని ఒకనికి తెలియదు. కుదింపు చెడ్డది కాదు, పొడవు ప్రకటించుట చెడ్డది కాదు. రెండింటికి ఒకే యజమాని లేకపోవుట చెడ్డది.

అపాచీ, ఇంజిన్-ఎక్స్ వంటి సర్వర్లు తామే కుదించునప్పుడు ఈ సంగతి తెలిసి ప్రవర్తించును. స్క్రిప్టు ప్రకటించిన పొడవును తీసివేసి, విషయమును ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్క ముక్క పొడవు దానిపైననే వ్రాసి పంపును. ఫైలు చెడదు. కాని మొత్తము పొడవు బ్రౌజరుకు తెలియదు గనుక ‘ఇంత శాతము వచ్చినది’ అన్న గీత తెరమీద కనబడదు. మధ్యలో ఆగినచో ఎంత మిగిలినదో చెప్ప వీలుండదు. ఇక కుదించి, కుదించితినన్న శీర్షిక పంపనిచో, బ్రౌజరు విప్పక యథాతథముగా దాచును. అట్టి ఫైలు మొదటి రెండు బైట్లు 31, 139 అయియుండును. ఆ రెండు అంకెలు కనబడినచో ఇక వేరే సాక్ష్యము అక్కరలేదు.

కరదీపికలోని ఉదాహరణకు పాత ప్రతులలో, రీడ్‌ఫైల్‌కు ముందు, బఫరును తుడుచు పంక్తి ఒకటి, తూము ఎత్తు పంక్తి ఒకటి ఉండెడివి. నేటి ప్రతిలో అవి లేవు. రికార్డులలో మాత్రము ఇంకను బ్రతికియున్నవి. తుడుచు పంక్తి ఖాళీ పంక్తులను పోగొట్టును. ఆ మేరకు మంచిదే. కాని అది పైనున్న ఒక్క బఫరునే తుడుచును, మూయదు. బఫర్లు ఒకదానిపై ఒకటి రెండు మూడు ఉండవచ్చును. కుదింపు బఫరు క్రిందనుండి తన పని తాను చేయుచునే యుండును. ఎన్ని బఫర్లున్నవో అడిగి, ఒక్కొక్కటిగా అన్నిటిని మూసివేయుట సరియైన పద్ధతి. అందులోను ఒక జాగ్రత్త కావలెను: మూయుటకు వీలులేని బఫరు ఎదురైనప్పుడు ఆ ఆవృత్తి అనంతముగా తిరుగకుండ, మూయుట విఫలమైనచో ఆగునట్లు వ్రాయవలెను.

బఫరును మూయకున్న మరియొక ప్రమాదము పెద్ద ఫైళ్ళతో వచ్చును. రీడ్‌ఫైల్ తనంతట తాను ఫైలునంతటిని జ్ఞాపకములో పెట్టుకొనదు. కాని పైన హద్దులేని బఫరు తెరచియున్నచో చదివినదంతయు అందులో పేరుకొనును. పి.హెచ్.పి. స్క్రిప్టునకు సామాన్యముగా ఇచ్చు జ్ఞాపకపు హద్దు 128 మెగాబైట్లు, అనగా 13,42,17,728 బైట్లు. పాఠ్యాంశపు వీడియో అంతకు మించినచో స్క్రిప్టు నడుమ చచ్చును. మరవ లేని చెఱువునకు కట్ట తెగుట తప్ప గతి లేదు.

శీర్షికలను గూర్చి కొంచెము చెప్పి విడిచెదను. పాత ప్రతిలోని ‘కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్’ ఈమెయిలునకు చెందినది. వెబ్‌లో దానికి చోటు లేదని 1999 నాటి హెచ్.టి.టి.పి. ప్రమాణపత్రమే స్పష్టముగా చెప్పినది. ‘కంటెంట్-డిస్క్రిప్షన్’ కూడ ఆ యింటిదే. ‘ప్రాగ్మా’ శీర్షికలో ‘పబ్లిక్’ అను విలువకు ప్రమాణములో అర్థమే లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరు పాత రోగములకు వైద్యముగా అది ప్రచారమునకు వచ్చినది. రోగి 2022 లో విశ్రాంతి తీసికొన్నను మందు వాడుట మానలేదు. ‘ఎక్స్‌పైర్స్’ శీర్షికకు సున్న విలువ ఇచ్చుట చూచుటకు తప్పువలెనున్నను, అట్టిదానిని గడువు తీరినట్లే భావింపవలెనని ప్రమాణములో ఉన్నది, దానిని తప్పుపట్టను. ఫైలు జాతిని ‘ఆక్టెట్-స్ట్రీమ్’, అనగా ఏవో బైట్లు, అని చెప్పుట సోమరితనముగా తోచును. అయినను దానివలన అనుకోని మేలొకటి కలుగుచున్నది: సర్వర్లు సాధారణముగా కొన్ని జాతులనే కుదించునట్లు అమర్చబడును, ‘ఏవో బైట్లు’ ఆ పట్టికలో సామాన్యముగా ఉండదు గనుక ఫైలు తప్పించుకొని బయటపడును. కారణము తెలియకనే కాపాడిన పంక్తి యిది.

ఫైలు పేరు తెలుగులో ఉన్నచో ఉదాహరణలోని పంక్తి చాలదు. ‘అనంతపురం’ అను మాటను యూనికోడ్‌లో 8 గుర్తులుగా వ్రాయుదుము. అవి 24 బైట్లు. శీర్షికలో తెలుగు అక్షరములను నేరుగా వ్రాయుట సురక్షితము కాదు. ఒక్కొక్క బైటునకు శాతపు గుర్తు, దానిపై రెండు అంకెలు చొప్పున మార్చి, ఇది యు.టి.ఎఫ్.-8 అని ముందు చెప్పి పంపవలెను. 24 బైట్లు 72 గుర్తులగును. 2011 నాటి ప్రమాణపత్రము ఈ పద్ధతిని స్థిరపరచినది. అది తెలియనివారు మరల ‘ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టకుడు’ అనుటకు సిద్ధమగుదురు.

ఈ మాటతోనే తరగతిలో మంచి ప్రయోగము చేయవచ్చును. స్క్రిప్టు ‘అనంతపురం’ అని మాత్రము పంపునట్లు వ్రాసి, కంటెంట్-లెంగ్త్‌గా బైట్ల లెక్కకు మారుగా గుర్తుల లెక్క 8 ప్రకటింపుడు. బ్రౌజరు 8 బైట్లే తీసికొనును. రెండు అక్షరములకు 6 బైట్లు పోగా, సున్నలో మూడవ భాగము తక్కువ! ‘అన’ అని కనబడి, పక్కన ఒక విరిగిన గుర్తు నిలుచును. బైటునకు, అక్షరమునకు గల భేదము విద్యార్థి ఇక మరువడు. ఫైళ్ళ మొదటి బైట్లను చూచుటకు లినక్సులో ‘ఓ.డి.’ అను చిన్న ఆదేశము చాలును. అంకెలను దశాంశ పద్ధతిలోనే చూపుమని అడుగవచ్చును. ఆరోగ్యముగానున్న ఫైలును, చెడిన ఫైలును ప్రక్కప్రక్కన పెట్టి మొదటి పది బైట్లు, చివరి పది బైట్లు పోల్చి చూడవలెను. మొదట 10 విలువగల బైటు అదనముగా ఉన్నచో అది కొత్తపంక్తి. 239, 187, 191 ఉన్నచో నోట్‌ప్యాడు వంటి ఎడిటరు చేసిన పని. 31, 139 ఉన్నచో విప్పని కుదింపు. మొదట ‘వార్నింగ్’ అన్న ఇంగ్లీషు మాట కనబడినచో, దోషపు సందేశము ఫైలులోనే కలిసినదని అర్థము.

ఇంతవరకు చెప్పినవి దిద్దుకొనదగిన దోషములు. ఉదాహరణను గూర్చి నాకున్న ముఖ్యమైన ఆక్షేపణ వేరు. నూటికి తొంబది పాళ్ళు వచ్చిన డౌన్‌లోడు కరెంటు పోయి ఆగినచో, మిగిలిన పది పాళ్ళు మాత్రము పంపుమని బ్రౌజరు ‘రేంజ్’ అను శీర్షికతో అడుగగలదు. సర్వరు నేరుగా ఇచ్చు ఫైళ్ళకు ఈ సౌకర్యము సామాన్యముగా సహజముగనే ఉండును. మన స్క్రిప్టు ఆ శీర్షికను చదువదు. మరల మొదటి బైటు నుండి ప్రారంభించును. నగరములో వేగముగల తీగమీద కూర్చున్నవానికి ఇది లెక్కలోనిది కాదు. రోజు డేటా లెక్కచూచుకొను పల్లె విద్యార్థికి ప్రతిసారియు మొదటికి రావలసినదే. కరదీపిక వ్రాసినవారు తమ ఉదాహరణను చిన్నదిగా నుంచదలచిరి, వారిని తప్పుపట్టరాదు. దానిని ఉన్నదున్నట్లు తెచ్చి పాఠముగా చెప్పు మనము ఈ లోపమును చెప్పకుండుట తప్పు.

అసలు, పాత ప్రశ్నపత్రములు, సిలబసు, దరఖాస్తు నమూనాలు వంటి దాపరికము లేని ఫైళ్ళకు స్క్రిప్టు యేల? సర్వరు మీద ఫైలుంచి, దానికి లింకు ఇచ్చిన చాలును. ఎవరు చూడవచ్చునో పరీక్షింపవలసిన మార్కుల జాబితాలు, హాల్ టికెట్ల వంటివాటికి మాత్రము స్క్రిప్టు కావలెను. అక్కడ కూడ స్క్రిప్టు అనుమతిని పరీక్షించి, ఫైలు పంపు పనిని సర్వరునకే అప్పగింపవచ్చును. ఇంజిన్-ఎక్స్‌లో ‘ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్’, అపాచీలో అదనపు మాడ్యూలుతో ‘ఎక్స్-సెండ్‌ఫైల్’ అను శీర్షికలు అందులకే ఉన్నవి. అప్పుడు బఫరు, పొడవు, కుదింపు, రేంజ్ అన్నియు ఒకే రాజ్యములోనికి వచ్చును. రికార్డులో ఈ ప్రయోగమును వ్రాయించు ఉపాధ్యాయులు, పది పంక్తుల స్క్రిప్టునకు ఎదుటి పుటలో ఈ మూడు పంక్తుల స్క్రిప్టును కూడ వ్రాయించి, రెంటితోను ఒకే ఫైలును దింపించి, నడుమ ఒకసారి నెట్టు తీసివేసి, ఏది ఎక్కడనుండి మరల మొదలగునో విద్యార్థులచేతనే లెక్క కట్టించవచ్చును.